సరుకు గది ఖాళీ చేసిన రోజు

నా కూతురు పంపిన ఫోటో తెరిచినప్పుడు నేను పిస్కాటవేలో మా వంటింట్లో, పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. చదవడం అయ్యేసరికి పప్పు అడుగంటింది, నేను నేల మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు. మోకాళ్ల నొప్పులతో సోఫాలో కూర్చోవడానికే ముందూ వెనకా ఆలోచించే మనిషిని నేను.

అమ్మాయి ఉద్యోగం మారి కారులో మినియాపొలిస్ వెళుతోంది. నేను చిన్నప్పుడు పెరిగిన ఊరు దారిలో తగులుతుందని మ్యాపులో చూసి, హైవే దిగి కాసేపు ఆగింది. ఆ ఊరి రైలు స్టేషన్‌ను ఎప్పుడో మూసేశారనీ, ఇప్పుడది చిన్న మ్యూజియం అయిందనీ నాకు తెలుసు. అక్కడి గోడ మీద ఒక కాగితాన్ని అద్దం వెనక పెట్టారని మాత్రం తెలియదు. స్టేషన్‌ను ఎందుకు మూయాలో చెబుతూ రైలు కంపెనీ వాళ్లు టైపు చేయించిన రిపోర్టు అది. అందులో ఒకచోట ఎవరో పెన్సిలుతో గీత గీశారు.

"ఈ పట్టణానికి వారం రోజుల్లో వచ్చిన సరుకు మొత్తాన్ని ఒక వృద్ధ భారతీయుడు, ఒక చిన్న పిల్ల, ఒక బొమ్మ బండి కలిసి ఒక్క మధ్యాహ్నంలో చేరవేయగలిగారు. ఇంతమాత్రం పనికి ఇక్కడ ఏజెంటును ఉంచవలసిన అవసరం కనిపించదు."

ఫోటో కింద అమ్మాయి నవ్వే బొమ్మలు నాలుగు పెట్టింది. అవి చూస్తుండగానే ఫోన్ చేసింది.

"అమ్మా, దిస్ ఈజ్ యూ, రైట్? నువ్వు, ముత్తాతయ్య! ఇక్కడ అందరు ఇది చదివి స్మైల్ చేస్తున్నారు. సో క్యూట్!"

నేను గీత గీసిన ఆ రెండు వాక్యాలనే మళ్లీ చదువుతున్నాను.

"అమ్మా? ఆర్ యూ దేర్? ఏడుస్తున్నావా?"

ఏడవడం లేదు. ఏడవాలన్నా ముందు ఊపిరి అందాలి కదా. లారీలు వచ్చాయి, పెద్ద రోడ్లు వచ్చాయి, దేశమంతా చిన్న స్టేషన్లు మూతబడ్డాయి, వాటితోపాటే మాదీ పోయింది అని ఇన్నేళ్లూ నిశ్చింతగా నమ్మాను. ఎవరైనా అడిగితే చరిత్ర పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని కూడా. మా స్టేషన్ మూతపడడానికి నేను కారణమని, ఆ రిపోర్టులో ఉన్న చిన్న పిల్లకు తప్ప మరెవరికీ తెలియని సంగతి ఒకటి దాని వెనక ఉందని, డెబ్బై దగ్గరపడ్డాక వంటింటి నేల మీద కూర్చుని తెలుసుకున్నాను.

మా నాన్న ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. ఎటు చూసినా మొక్కజొన్న చేలు, మధ్యలో ఒక వీధి, ధాన్యం నిలవచేసే పొడవాటి గాదె, రెండు చర్చిలు, ఒక స్టేషన్. తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. మేము కృష్ణా డెల్టా నుంచి వచ్చిన క్రైస్తవులం కాబట్టి ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, అందువల్ల ఊరివాళ్లు మమ్మల్ని మరీ వింతగా చూడడం తొందరగానే మానేశారు. మా అమ్మ చీర మీద వేసుకునే పెద్ద కోటును మాత్రం చివరిదాకా చూశారు.

నాకు తొమ్మిదేళ్ల వయసులో తాతయ్య వచ్చాడు. నాయనమ్మ పోయాక ఒంటరిగా ఉన్నాడని నాన్న రప్పించాడు. ముప్ఫై నాలుగేళ్లు చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయిన మనిషి. పెట్టె విప్పితే ఎండుమిరపకాయల పొట్లాల కింద, ఇస్త్రీ చేసి మడిచిన రెండు జెండాలు బయటపడ్డాయి. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది.

"ఇవెందుకు తెచ్చారు మామయ్యా?" అని అమ్మ నవ్వింది.

"ఉండనీ అమ్మా. వాటికి అన్నం పెట్టాలా, నీళ్లు పొయ్యాలా?" అన్నాడు.

మొదటి రెండు వారాలూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మంచును చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే ఊఁ అనేవాడు. మూడో వారంలో ఒక పొద్దున గాలి ఇటు తిరిగి, దూరంగా ఇంజను కూత వినిపించింది. తాతయ్య లేచి నిలబడ్డాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

"లేటుగా వస్తోంది" అన్నాడు.

ఆ రైలు టైమేదో ఆయనకు తెలియదు. లేటని ఎలా చెప్పాడో ఈనాటికీ నాకు అర్థం కాదు. కోటు వేసుకుని, పచ్చ జెండా చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరాడు.

మా స్టేషన్ ఆవపిండి రంగు వేసిన చెక్క ఇల్లు. ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలో కూర్చుంటే పట్టాలు రెండు వైపులా మైళ్ల దూరం కనిపించేవి. ఏజెంటు, అంటే అక్కడి స్టేషన్ మాస్టరు, తన కుటుంబంతో పైఅంతస్తులోనే కాపురం ఉండేవాడు. మనుషులెక్కే రైలును అంతకుముందు ఏడే తీసేశారు. వారానికి మూడుసార్లు ఆగే గూడ్సు బండీ, ఆగకుండా పోయే మిగతా గూడ్సులూ మిగిలాయి.

మేము వెళ్లేసరికి ఆగని బండి ఒకటి వస్తోంది. ఏజెంటు గుమ్మంలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. ప్రతి బండినీ అలా నిలబడి చూడాలి. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, తలుపేదైనా ఊడి వేలాడుతోందా అని చూసి, తేడా ఉంటే ముందున్న స్టేషన్‌కు చెప్పాలి. తాతయ్య నా చెయ్యి వదిలేసి, గబగబా పట్టాలు దాటి అవతలి పక్క నిలబడ్డాడు. నిటారుగా, జెండా పట్టుకుని. మధ్యలోంచి బండి దడదడమని పోయింది. నేను చెవులు మూసుకున్నాను.

బండి వెళ్లిపోయాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎన్నేళ్లు?" అని ఏజెంటు అడిగాడు.

"ముప్ఫై నాలుగు" అన్నాడు తాతయ్య తన రైల్వే ఇంగ్లీషులో. "ఒక మనిషి ఒక వైపే చూడగలడు. అవతలి వైపు మీ తరఫున చూశాను. అంతా సవ్యంగానే ఉంది."

ఏజెంటు టోపీ తీశాడు. ఇన్నేళ్ల సర్వీసులో తనకోసం అవతలి వైపు చూసిన మనిషి ఈయనేనని తర్వాత మా నాన్నతో చెప్పాడట. ఆ రోజు నుంచి తాతయ్యకు కిటికీ పక్కన కుర్చీ ఏర్పాటయింది. ఇంట్లో ఊఁ అనే మనిషి స్టేషన్‌లో గలగలా మాట్లాడేవాడు. స్కూలు అవగానే నేనూ అక్కడికే పరిగెత్తేదాన్ని.

ఆ వాసన చెప్పమంటే కళ్లు మూసుకుని చెబుతాను. పొద్దుటినుంచీ మరిగి మరిగి చేదెక్కిన కాఫీ, బొగ్గుల పొయ్యి, పట్టాల కింది దుంగలకు పూసే తారు, సరుకు గదిలో కొత్త గోనెలు, ట్రాక్టరు టైర్ల రబ్బరు. వసంతకాలం వస్తే చిల్లులున్న అట్టపెట్టెల్లో కోడిపిల్లలు వచ్చేవి. వాటి కియ్యకియ్యకు ఏజెంటు ఫోను మాట్లాడలేక ఒక చెవి మూసుకునేవాడు. తాతయ్య జేబు రుమాలులో వేరుశనక్కాయలు తెచ్చి ఆ పొయ్యి మీదే వేయించేవాడు. ఏజెంటు భార్య స్టేషన్ వెనక పెంచిన పుల్లటి ఎర్ర కాడలు ఒక కట్ట మా అమ్మకు పంపింది. వాళ్లు వాటిలో పంచదార పోసి తీపి రొట్టెలు చేసుకుంటారు. అమ్మ ఒక ముక్క కొరికి, కళ్లు పెద్దవి చేసి, "మామయ్యా, ఇది గోంగూర పులుపండీ!" అంది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరారు. తాతయ్య అన్నంలో కలుపుకుని, ప్రార్థన సగంలో ఉండగానే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మర్నాడు ఏజెంటుకు ఒక సీసా ఇస్తే, రొట్టె మీద వెన్నలా రాసుకుని తిని, కళ్లనీళ్లు కారుతున్నా చాలా బాగుందన్నాడు.

ఏజెంటుకు ఒక కూతురు ఉండేది. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. మెట్ల మీద కూర్చుని పుస్తకం చదువుకునేది. నాలాంటి చిన్నపిల్లతో మాట్లాడడం ఆమెకు నామోషీ. నాకు ఆమె జడ మీదున్న నీలం రిబ్బను మీదే చూపంతా.

ఏజెంటు చెప్పిన ఊరి కథ విని తాతయ్య నిర్ఘాంతపోయాడు. అక్కడ ముందు పట్టాలు వచ్చాయట, ఊరు తర్వాత వచ్చిందట. ఆవిరి ఇంజను కొన్ని మైళ్లకొకసారి నీళ్లు తాగాలి కాబట్టి, ఇంజను ఆగినచోటల్లా ఒక స్టేషన్ కట్టారు, స్టేషన్ చుట్టూ ఇళ్లు లేచాయి. రెండు మైళ్ల అవతల అంతకుముందే ఒక పల్లె ఉండేదట. పట్టాలు తమవైపు రాలేదని తెలిసి, వాళ్లు ఆ చలికాలం తమ ఇళ్లను దుంగల మీదికి ఎత్తి, మంచు మీద గుర్రాలతో లాగించి స్టేషన్ పక్కకు తెచ్చి పెట్టుకున్నారు. చర్చిని కూడా.

"చర్చినా!"

"చర్చినే. దాని తలుపు ఈనాటికీ సరిగా పడదు. వచ్చే ఆదివారం చూడండి."

"రైలు కోసం ఊరే నడిచొచ్చిందా!" అని తాతయ్య దారిపొడుగునా అనుకుంటూ ఇల్లు చేరాడు. ఆదివారం ప్రసంగం జరుగుతుంటే ఆయన కళ్లన్నీ ఆ తలుపు మీదే. పాటలు మొదలయ్యాక, రాగం తెలిసిందే కాబట్టి, తెలుగులో గొంతెత్తి పాడేశాడు. నేను సిగ్గుతో బెంచీ కింద దూరినంత పని చేశాను.

ఆయనకు కోపం వచ్చింది ఒక్కసారే. అమ్మ తలపిన్నులు తెచ్చి పట్టా మీద పెట్టాను, బండి ఎక్కితే చిన్న కత్తుల్లా అవుతాయని. తాతయ్య చూశాడు. ముఖం తెల్లబోయింది. పిన్నులు ఏరి జేబులో వేసుకుని, "పట్టా మీద గడ్డిపోచ కూడా పెట్టకూడదే. ఆ బండిలో మనిషి ఉన్నాడు" అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

ఇన్‌స్పెక్షన్ కథలు కూడా అప్పుడే చెప్పేవాడు. పైఆఫీసరు వస్తున్నాడంటే మన స్టేషన్లలో వారం ముందునుంచే హడావుడి. ప్లాట్‌ఫారం రాళ్లకు సున్నం కొట్టాలి, ఇసుక బకెట్లకు ఎర్ర రంగు వేయాలి, ఇత్తడి తళతళలాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, గూడ్సు గదిలో ఒక్క మూట కూడా మిగలకూడదు. ఒక ఏడు ఎవరో విడిపించుకోని ఎండురొయ్యల బుట్ట ఒకటి తాతయ్య గదిలో ఉండిపోయింది. ఆఫీసరుగారు ముక్కు మూసుకుని బయటికి నడిచాడు. మందలిస్తూ ఆయన ఇచ్చిన మెమో సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. రిటైరయిన రోజు పూలదండ మెడలో ఉండగా కూడా తాతయ్యకు ఆ బుట్టే గుర్తొచ్చిందట.

ఆ వసంతంలో తాతయ్య వానలో తడిసి జలుబుతో మంచమెక్కాడు. మంగళవారం స్కూలు అయ్యాక నేనొక్కదాన్నే స్టేషన్‌కు వెళ్లాను. ఏజెంటు నన్ను సరుకు గదిలోకి తీసుకెళ్లాడు. గది నిండా పెట్టెలు, గోనెలు, మోటారు బెల్టులు, బూట్ల కొట్టుకు వచ్చిన అట్టపెట్టెలు. అడుగు పెట్టే చోటు లేదు.

ఆయన నా ముందు గొంతు కూర్చున్నాడు.

"గురువారం పొద్దున్నే ఇద్దరు వస్తున్నారు. ఈ స్టేషన్‌లో పని ఉందో లేదో చూసి రాసుకుని పోతారు. పని లేదని రాస్తే మూసేస్తారు. అందుకే ఈ వారం సరుకంతా ఇలా ఉంచాను. శుక్రవారం దాకా ఎవరూ రావద్దని ఊళ్లో కూడా చెప్పాను. రేపు నేనూ మా ఆవిడా పొలాల మీదికి వెళుతున్నాం, స్టేషన్ ఉంచమని రైతుల చేత సంతకాలు పెట్టించాలి. మీ తాతగారు వస్తే ఇక్కడ ఒక్క వస్తువు కూడా కదపొద్దని చెప్పు. మరిచిపోవు కదా?"

"మరిచిపోను" అన్నాను.

మూసేయడమంటే ఆదివారం కొట్లు మూసినట్టేనని అనుకున్నాను. సోమవారం మళ్లీ తెరుస్తారు కదా అని. అబద్ధం చెప్పను, అదీ నా తెలివి.

ఇంటికి వెళ్లి, "తాతయ్యా, గురువారం స్టేషన్‌కు ఇన్‌స్పెక్షన్ అట!" అన్నాను.

తాతయ్య దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

"ఇన్‌స్పెక్షనా? ఎవరొస్తున్నారు?"

"ఇద్దరు పెద్దాఫీసర్లు."

"గూడ్సు గదిలో పెండింగ్ ఉందా?"

"నిండా ఉంది."

"ఓరి దేవుడా! ఆయనేం చేస్తున్నాడే?"

"రేపు ఊళ్లో ఉండడట. పొలాలకు వెళుతున్నాడట."

తాతయ్య తల పట్టుకున్నాడు. "ఇన్‌స్పెక్షన్ ముందు రోజు ఊరు తిరగడమేంటి? పాపం, ఒక్కడే ఎన్ని పనులని చూస్తాడు! సరే, మనం ఉన్నాం కదా. నీ ఎర్ర బండి ఉంది కదే. రేపు స్కూలు అవగానే వచ్చెయ్. ఇంటింటికీ చేర్చేద్దాం. చీకటి పడేలోగా గది అద్దంలా ఉండాలి."

చెప్పాల్సిన మాట నా నాలుక చివర ఉంది. మింగేశాను.

ఎందుకో చెబుతాను. పిల్లలు చేత్తో లాక్కెళ్లే ఆ నాలుగు చక్రాల ఎర్ర బండిలో సరుకు పెట్టుకుని ఊరంతా తిరగాలని నాకు చాలాకాలంగా కోరిక. ఏజెంటు అప్పుడప్పుడూ చిన్న పొట్లం ఒకటి ఇచ్చి పంపేవాడు. తీసుకెళ్లిన ప్రతిసారీ అల్లం బిస్కెట్టో, పుదీనా బిళ్లో చేతిలో పెట్టేవాళ్లు. గదినిండా ఉన్న సరుకు ఎన్ని బిస్కెట్లో నేను మంగళవారం సాయంత్రమే మనసులో లెక్క వేసుకున్నాను. కదపొద్దన్న మాట చెబితే ఆ యాత్ర ఆగిపోతుంది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఫోటో చూసిన ఈ నెల రోజులుగా వెతుకుతున్నాను. లేదు.

బుధవారం మధ్యాహ్నం తాతయ్య ముక్కుకు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. తాళంచెవి ఎక్కడ వేలాడుతుందో ఆయనకు తెలుసు. ఒక్కొక్కటీ పుస్తకంలో చూసి, బండిలో పెట్టి, తాడు కట్టి పంపేవాడు. నేను ఇంటికి చేర్చి, సంతకం పెట్టించుకుని, ఖాళీ బండితో పరిగెత్తి వచ్చేదాన్ని. మోయలేనివి ఉంటే దారిన పోయే వాళ్ల ట్రక్కు ఆపి, వాళ్ల సరుకు వాళ్ల చేతే ఎక్కించాడు. ఆయన గొంతులో ఉన్న అధికారానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇనప సామాన్ల కొట్టు యజమాని మాత్రం గుమ్మంలో ఆగి అడిగాడు. "శుక్రవారం దాకా ఉంచుతానన్నాడే?"

దేవుడు నాకు రెండో అవకాశం ఇచ్చాడు. నేను ఆయన చేతిలోని బిస్కెట్ల డబ్బా వైపు చూశాను.

"తీసుకెళ్లమన్నారు" అన్నాను.

ప్లాను మారిందనుకున్నాడేమో, సంతకం పెట్టాడు.

పొద్దు వాలేసరికి గది ఖాళీ. తాతయ్య చీపురు పట్టి మూలమూలా ఊడ్చాడు, తూకం కాటాను గుడ్డతో తుడిచాడు. అప్పుడే ఏజెంటు కారు వచ్చి ఆగింది. భార్యాభర్తలిద్దరూ సంతకాల కాగితాలతో నవ్వుతూ దిగారు. తాతయ్య గుమ్మంలో నిలబడి సెల్యూట్ చేశాడు.

"ఆల్ క్లియర్, సర్! నథింగ్ పెండింగ్!"

ఏజెంటు గదిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఏజెంటు నా దగ్గరికి వచ్చాడు. నాకు మాత్రమే వినిపించేలా అడిగాడు.

"నా మాట ఆయనకు చెప్పావా?"

"మరిచిపోయాను" అన్నాను.

నా గడ్డం మీద బిస్కెట్టు పొడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. వేలితో తుడిచాడు. తర్వాత లేచి వెళ్లి, తాతయ్య చేతిని రెండు చేతులతో పట్టుకుని, "మిస్టర్ స్టేషన్ మాస్టర్, నా సర్వీసులో ఇంత శుభ్రమైన గది చూడలేదు" అన్నాడు. తిడతాడని వణుకుతూ నిలబడ్డ నేను, తిట్టలేదు కాబట్టి ఏమీ కాలేదనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

గురువారం తాతయ్య ఇస్త్రీ కోటు వేసుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. వచ్చిన ఇద్దరికీ తానే గది చూపించాడు. పెండింగ్ ఎలా తీర్చామో, మనవరాలు బండితో ఎన్నిసార్లు తిరిగిందో వర్ణించి చెప్పాడు. ఒకాయన నవ్వి, నోట్‌బుక్కులో రాసుకున్నాడట.

"రాసుకున్నాడే! మన సంగతి రాసుకున్నాడు! ఎక్సలెంట్ అన్నాడు!" అని ఇల్లంతా తిరిగాడు. అమ్మ సన్న నూడుల్స్ విరిచి పాయసం చేసింది.

వేసవిలో తాతయ్య తిరిగి వెళ్లిపోయాడు. నాన్నకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చి మేమూ ఊరు మారాం. ఆకులు రాలే రోజుల్లో స్టేషన్ మూసేశారని ఎవరో ఉత్తరం రాస్తే, నాన్న భోజనాల దగ్గర చదివి, "అన్నిచోట్లా మూసేస్తున్నారు. లారీలు వచ్చాయి కదా" అన్నాడు. నేను ఇంకో అప్పడం అడిగాను. తాతయ్యకు ఈ సంగతి ఎవరూ రాయలేదు. పోయేదాకా ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అమెరికాలో ఇన్‌స్పెక్షన్ పాసైన కథ చెప్పాడు. ఆ రొయ్యల బుట్ట మెమో దానితో చెల్లిపోయిందని నమ్మాడు.

ఇదంతా వంటింటి నేల మీద కూర్చున్న నాకు, ఫోనులో అమ్మాయి హలో హలో అంటున్న ఆ కాసేపట్లోనే, ఒకదాని మీద ఒకటి పడి గుర్తొచ్చింది.

"అమ్మా, యూ ఆర్ స్కేరింగ్ మీ. ఇక్కడ వాలంటీర్ ఆంటీ ఉన్నారు. ఆ ఏజెంట్ డాటర్ అట! నీతో మాట్లాడాలి అంటున్నారు. ఫోన్ ఇస్తున్నా."

వద్దే, వద్దు అన్నాను. అప్పటికే చెయ్యి మారింది.

"ఎర్ర బండి పిల్లవా నువ్వు!" అంది అవతలి గొంతు. ముసలి గొంతు, నవ్వుతున్న గొంతు. నాకు నీలం రిబ్బను కనిపించింది.

నేను క్షమాపణ చెప్పబోతే వినలేదు. తనే మాట్లాడుకుంటూ పోయింది. స్టేషన్‌తోపాటు ఇల్లూ పోయింది కాబట్టి, అమ్మమ్మ ఇంట్లో రెండు గదుల్లో సర్దుకున్నారట. నాన్న ధాన్యం గాదెలో బస్తాలు మోయడానికి కుదిరాడట. బండి కూత వినిపిస్తే బస్తా దించి, బయటికి వచ్చి నిలబడేవాడట.

"మీ తాతగారి మీద మాకెప్పుడూ కోపం లేదు. రైల్వే మనిషి ఎవరైనా అదే చేస్తారు. తప్పు మా నాన్నదే. ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ముసలాయనకు ముందే చెప్పి ఉంచాల్సింది, మరిచిపోయాను అన్నాడు."

నేను ఫోనును చెవికి అదిమిపట్టాను.

"మరిచిపోయానన్నారా?" అన్నాను.

"అవును. అమ్మ దాన్ని క్షమించలేకపోయింది. ఇల్లు పోయే విషయం ఎలా మరిచిపోతావని పోయేదాకా అంది. మంచంలో ఉండి కూడా అంది. ఆయన తల వంచుకుని వినేవాడు. నేనూ అన్నాను, చాలాసార్లు. ఒకసారి మరీ గట్టిగా అనేశాను. తర్వాత ఆయన ఎక్కువ రోజులు బతకలేదు. ఇప్పుడనుకుని ఏం లాభంలే."

ఆవిడ నవ్వడం ఆపేసింది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నా కూతురు ఆవిడ పక్కనే నిలబడి ఉంది, స్పీకర్‌లో వింటోందో ఏమో. మా అమ్మకు చెప్పలేదు, నాన్నకు చెప్పలేదు, కట్టుకున్న మనిషికి చెప్పలేదు. చెప్పడానికి ఏదైనా ఉందని నాకే గుర్తులేదు.

"మీ నాన్నగారు మరిచిపోలేదు" అన్నాను. "మంగళవారం నన్ను సరుకు గదిలోకి తీసుకెళ్లి, నా ముందు కూర్చుని చెప్పారు. ఒక్క వస్తువూ కదపొద్దని తాతయ్యకు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు. బిస్కెట్ల కోసం."

నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. అరవై ఏళ్లు ఆలస్యమైనా నాకు రావలసినవే అవి.

"ఇంకోసారి చెప్పు" అంది.

"నేను కావాలనే..."

"అది కాదు. మొదటి మాట."

"మీ నాన్నగారు మరిచిపోలేదు" అన్నాను.

"ఇంకోసారి" అంది.

మళ్లీ చెప్పాను.